47 ఏళ్లు, కూర్చుని చేసే ఉద్యోగం, మెదడు కోసం వ్యాయామం: ఎంత లక్ష్యం పెట్టుకుంటే నిలబడుతుంది?

గడపదాటి | సోమవారం, రాత్రి 10:40

చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నాకు 47. పొద్దున కుర్చీలో కూలబడితే సాయంత్రం లేచే ఉద్యోగం. మా అమ్మకు 74. రెండేళ్ల కిందట అల్జీమర్స్ అని తేల్చారు.

మొన్న ఆదివారం నడకకు వెళ్దామని షూ లేసులు కట్టుకుంటున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుని "ఎక్కడికే?" అంది. నడకకు అన్నాను. ఒక కాలికి ముడి వేసి రెండో కాలికి వచ్చేసరికి మళ్లీ "ఎక్కడికే?" అంది. అలా నాలుగుసార్లు అడిగింది. నాలుగోసారి జవాబు చెప్పాక నడకకు వెళ్లబుద్ధి కాలేదు. లేసులు విప్పేసి అక్కడే కూర్చుండిపోయాను.

అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నాకూ ఇదే రాసిపెట్టి ఉందా? మధ్యవయసులో వ్యాయామం చేస్తే మెదడుకు మంచిదని ఎక్కడ చూసినా రాస్తున్నారు. సరే, చేస్తాను. కానీ నా చరిత్ర వినండి. జనవరిలో "రోజూ గంట నడక" అనుకున్నాను, 11 రోజులు నడిచింది. తర్వాత వాచీ కొని "రోజుకు 10,000 అడుగులు" అన్నాను, అది మూడు వారాలు. ఆ తర్వాత ఒక జిమ్‌లో ఏడాదికి డబ్బు కట్టి మొత్తం ఆరుసార్లు వెళ్లాను. మానేసిన ప్రతిసారీ నామీద నాకే నమ్మకం పోతోంది.

వ్యాయామం మంచిదా కాదా అని నేను అడగడం లేదు. ఎంత, ఎలా పెట్టుకుంటే అది మూడు నెలల తర్వాత కూడా ఉంటుంది? అదీ నా ప్రశ్న.

చివరిబెంచి | సోమవారం, రాత్రి 10:52

జిమ్‌కు ఆరుసార్లా? మీరు నయం. నేను రెండుసార్లు. అందులో ఒకటి డబ్బు కట్టడానికి.

పరుగుపిచ్చి | సోమవారం, రాత్రి 11:15

అక్కా, నా మాట విని పెద్ద లక్ష్యం పెట్టుకోండి. ఆరు నెలల్లో జరిగే హాఫ్ మారథాన్ ఏదైనా చూసి ఇవాళే పేరు ఇచ్చేయండి. 21 కిలోమీటర్లు ఎదురుగా కనబడుతుంటే కాళ్లు వాటంతటవే కదులుతాయి. నేను 38లో అలాగే మొదలుపెట్టా, ఇప్పుడు 41. లక్ష్యం చిన్నదైతే మానేయడానికి చిన్న సాకు చాలు.

మోకాలిచిప్ప | మంగళవారం, ఉదయం 6:20

తమ్ముడూ పరుగుపిచ్చీ, నీ ఉత్సాహాన్ని తప్పుపట్టను. కానీ నీలాంటివాళ్ల మాట విన్నవాళ్లే నా దగ్గరికి కుంటుకుంటూ వస్తారు. నేను ఫిజియోథెరపిస్టును, 19 ఏళ్లుగా ఇదే పని.

పదేళ్లు కుర్చీలో గడిపిన శరీరం కదలడం మొదలుపెడితే గుండె, ఊపిరి చకచకా పుంజుకుంటాయి. కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్లు మాత్రం అంత తొందరపడవు. ఆరో వారానికి ఊపిరి "ఇంకా పరుగెత్తు" అంటుంటుంది, మడమ వెనక టెండన్ ఇంకా మొదటి వారంలోనే ఉంటుంది. గాయాలు సరిగ్గా అక్కడే అవుతాయి. గాయమైతే రెండు నెలలు కూర్చోవాలి. కూర్చున్నాక మళ్లీ లేవడం ఎంత కష్టమో గడపదాటి గారికి నేను చెప్పక్కర్లేదు.

ఇక ఆ 10,000 సంగతి. అది డాక్టర్లు తేల్చిన అంకె కాదండీ. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరు మాన్పోకేయ్, అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరే లోకమంతా పాకి లక్ష్యమై కూర్చుంది. తమాషా ఏమిటంటే, బ్రిటన్‌లో 78,000 మందికి పైగా చేతికి కట్టుకున్న పరికరాల లెక్కలు తీసి 2022లో ప్రచురించారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ అందులో ఒక రకం) ముప్పు అందరికంటే తక్కువగా కనిపించింది రోజుకు 9,800 అడుగుల దగ్గర. గుడ్డిగా విసిరిన రాయి గురికి దగ్గరగానే పడింది! అయితే మీరు చూడాల్సిన అంకె అది కాదు. 3,800 అడుగుల దగ్గరే ముప్పు 25 శాతం దాకా తక్కువ కనిపించింది. అంటే మొదటి మెట్టు దగ్గరే సగం లాభం ఉంది. మీరేమో పై మెట్టు అందలేదని కింది మెట్టు కూడా దిగిపోతున్నారు.

కొలబద్ద | మంగళవారం, ఉదయం 9:05

"కనిపించింది" అన్నారు, "తగ్గింది" అనలేదు. ఆ జాగ్రత్తకు సంతోషం. ఎందుకంటే ఎక్కువ నడిచేవాళ్లకు డిమెన్షియా తక్కువ వస్తుందా, డిమెన్షియా లోపల మొదలైనవాళ్లు తక్కువ నడుస్తారా అన్నది ఆ లెక్క తేల్చలేదు.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి చెబుతాను. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగులు పదివేల మందికి పైగా 1985 నుంచి ఒక పరిశోధనలో ఉన్నారు, వైట్‌హాల్ 2 అంటారు దాన్ని. 2017లో ఆ 28 ఏళ్ల లెక్క బయటపెట్టారు. మధ్యవయసులో వ్యాయామం చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ డిమెన్షియాలో తేడా కనపడలేదు. పైగా జబ్బు బయటపడటానికి దాదాపు 9 ఏళ్ల ముందు నుంచే ఆ మనుషులు కదలడం తగ్గించేశారని తేలింది. అంటే చాలా పరిశోధనల్లో కదలకపోవడం జబ్బుకు కారణం కాకపోవచ్చు, జబ్బు ముందుగా వేసిన అడుగు కావచ్చు.

వ్యాయామం మానమని నా ఉద్దేశం కాదు. నేనూ వారానికి నాలుగు రోజులు ఈత కొడతాను. కానీ "ఇంత చేస్తే ఇంత ముప్పు తగ్గుతుంది" అని శాతాలు పట్టుకుని లక్ష్యం పెట్టుకుంటే పునాది ఇసుక మీద వేసినట్టే.

గడపదాటి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

కొలబద్ద గారూ, భోజనాల వేళ ఇది చదివి మళ్లీ షూ విప్పేసినంత పనైంది. అంటే ఏం చేసినా ఒకటేనా?

తెల్లకోటు | మంగళవారం, రాత్రి 9:48

విప్పకండి. నేను జనరల్ ఫిజీషియన్‌ని. కొలబద్ద గారు చెప్పిన పరిశోధన నిజమే, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ పక్కనే ఇంకోటి పెట్టి చూడాలి.

వైట్‌హాల్‌లో "వారానికి ఎన్ని గంటలు వ్యాయామం చేస్తారు?" అని మనుషులను అడిగి రాసుకున్నారు. నా పేషెంట్లను నేనూ అడుగుతాను. వాళ్లు చెప్పే గంటల్లో ఎన్ని నిజమో దేవుడికెరుక. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మాత్రం నోటిమాట నమ్మలేదు. 1968లో 38 నుంచి 60 ఏళ్ల మధ్య ఆడవాళ్లు 191 మందిని వ్యాయామ సైకిలు ఎక్కించి, ఇక నావల్ల కాదు అనేదాకా తొక్కించి సత్తా కొలిచారు. తర్వాత 44 ఏళ్లు గమనించారు. దమ్ము బాగా ఉన్నవాళ్లలో డిమెన్షియా వచ్చింది 5 శాతం మందికి. మధ్యరకం వాళ్లలో 25, తక్కువ దమ్మున్నవాళ్లలో 32. ఛాతీనొప్పో బీపీ పెరగడమో వచ్చి పరీక్ష మధ్యలోనే ఆపాల్సిన వాళ్లలో 45 శాతం. దమ్మున్న గుంపులో ఉన్నది 40 మందే కాబట్టి ఆ 5ని గుండెకు హత్తుకోకండి. కానీ దమ్ము తగ్గేకొద్దీ శాతం పెరిగిన వరస చూడండి.

నేను పేషెంట్లకు దీన్నుంచి చెప్పేది ఒకటే. నడిచామా లేదా అన్న గంటల లెక్క కన్నా, ఆ నడకతో దమ్ము పెరిగిందా అన్నది చూడాలి. మెదడు మన బరువులో 2 శాతమే, వాడుకునే ఆక్సిజన్ మాత్రం దాదాపు 20 శాతం. దానికి రక్తం అందించే సన్న గొట్టాలు బాగుండాలంటే గుండె, బీపీ బాగుండాలి. అమెరికాలో 55 నుంచి 80 ఏళ్లవాళ్లు 120 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపు చేత వారానికి మూడుసార్లు 40 నిమిషాలు నడిపించారు, రెండో గుంపు చేత ఒళ్లు సాగదీయించారు. ఏడాది తర్వాత స్కాన్ తీస్తే, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం నడిచినవాళ్లలో సుమారు 2 శాతం పెరిగింది, రెండో గుంపులో 1.4 శాతం తగ్గింది. ఇది 2011 నాటి మాట. ఇక్కడ ఎవరు నడవాలో పరిశోధకులే నిర్ణయించారు కాబట్టి కొలబద్ద గారు అడిగిన "ఏది ముందు?" అన్న ప్రశ్న రాదు.

ఆలస్యమైతే ఏమవుతుందో కూడా చెప్పాలి. 70 నుంచి 89 ఏళ్ల వాళ్లు 1,600 మందికి పైగా తీసుకుని రెండేళ్లు వ్యాయామం చేయించిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. ఆలోచనాశక్తిలో తేడా రాలేదు. డిమెన్షియా వచ్చేశాక గట్టిగా వ్యాయామం చేయించిన బ్రిటన్ ప్రయోగం 2018లో వచ్చింది. ఒంట్లో దమ్ము పెరిగింది కానీ మతిమరుపు నెమ్మదించలేదు. అల్జీమర్స్ మార్పులు బయటికి తెలియడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మెదడులో మొదలవుతాయి. 47 అంటే పని జరిగే కాలంలోనే ఉన్నారు మీరు.

కొలబద్ద | మంగళవారం, రాత్రి 10:20

డాక్టరు గారూ, సమాధానం బాగుంది. ఒక్క పుల్ల వేస్తాను. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదికలో మార్చుకోగల ముప్పు కారణాలు 14 ఉన్నాయి, అన్నీ కలిపి డిమెన్షియాలో 45 శాతం దాకా ఆపవచ్చో వాయిదా వేయవచ్చో అన్నారు. అందులో వ్యాయామ లోపం వాటా ఎంత? 2 శాతం. వినికిడి లోపం 7. మరి ఈ చర్చ చెవుల గురించి ఎందుకు జరగడం లేదు?

తెల్లకోటు | మంగళవారం, రాత్రి 10:41

జరగాలి! గడపదాటి గారూ, టీవీ సౌండు పెంచమని ఇంట్లో అందరికంటే ముందు మీరే అంటుంటే చెవి పరీక్ష చేయించుకోండి. సరదాకు అనడం లేదు.

ఆ 2 శాతం మాత్రం విడిగా చూస్తే మోసం చేస్తుంది. అదే జాబితాలో బీపీ ఉంది, షుగరు ఉంది, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ ఉంది, ఊబకాయం ఉంది, డిప్రెషన్ ఉంది. ఒక మనిషి వారానికి నాలుగుసార్లు దమ్ము పట్టే పని చేస్తే వీటిలో ఎన్ని కదులుతాయి? నా టేబుల్ అవతల కూర్చున్న మనిషిలో అవన్నీ ఒకే కండువాకు పోగులు, ఒకటి లాగితే మిగతావీ కదులుతాయి.

పాతసైకిల్ | బుధవారం, ఉదయం 5:50

ఇన్ని శాతాలు చదివి నాకు కళ్లు తిరిగాయి. అయినా ఒకటి గుర్తొచ్చింది. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. లేపి చూస్తే దమ్ము ఘోరంగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు తగ్గించినదానికన్నా ఆ మూడు వారాల మంచం ఎక్కువ తగ్గించిందట! ఆ యాభై ఏళ్లవాళ్ల చేతే ఆరు నెలలు మెల్లగా వ్యాయామం చేయిస్తే, మంచం ఎక్కకముందు ఇరవైలో ఉన్న దమ్ముకు తిరిగొచ్చారు. నాకు 58. ఎప్పుడు బద్ధకం వచ్చినా ఆ ఐదుగురిని తలుచుకుంటాను.

నిద్రగన్నేరు | బుధవారం, ఉదయం 11:10

గడపదాటి, నీకన్నా ఐదేళ్లు పెద్దదాన్ని, కాబట్టి నువ్వనే అంటాను. నాదీ నీ కథే, కాకపోతే నాది అత్తగారు.

నేను తెలుసుకున్నది చెప్పనా? "నాకు డిమెన్షియా రాకూడదు" అన్నది లక్ష్యం కాదు, మొక్కు. అది నెరవేరిందో లేదో నీకు 80 ఏళ్లు వస్తే గానీ తెలియదు. ఇవాళ పొద్దున అరగంట ముందు లేవడానికి ఆ భయం పనికిరాదు. నాలుగు రోజులు పరుగెత్తిస్తుంది, ఐదో రోజు మంచానికి కట్టేస్తుంది. నువ్వు లేసులు విప్పింది బద్ధకంతో కాదు కదా, భయంతో. నాకు బీపీ 150 దాటినప్పుడు డాక్టరు మందు రాసి, మూడు నెలల్లో మళ్లీ చూద్దాం అన్నారు. ఆ మూడు నెలల అంకె నన్ను లేపింది. ముప్పై ఏళ్ల తర్వాతి మెదడు నన్ను ఒక్కరోజూ లేపలేదు.

గడపదాటి | బుధవారం, రాత్రి 10:15

అక్కా, ఆ "మొక్కు" అన్న మాట పొద్దుట్నుంచి వదల్లేదు.

అసలు చిక్కు చెబుతాను. పొద్దున ఎనిమిదింటికి అమ్మను చూసుకునే ఆవిడ వస్తుంది, నేను ఆఫీసుకు పరుగు. సాయంత్రం ఆరున్నరకు వచ్చేసరికి ఆవిడ వెళ్లిపోతుంది. తర్వాత అమ్మను వదిలి గేటు దాటలేను. అమ్మను చెయ్యి పట్టుకుని కింద ఇరవై నిమిషాలు తిప్పుతాను రోజూ. అది నా లెక్కలోకి వస్తుందా? వాచీ 1,400 అడుగులు చూపిస్తుంది.

మోకాలిచిప్ప | గురువారం, ఉదయం 6:05

అది అమ్మగారి వ్యాయామం, మీది కాదు. మానకండి, ఇద్దరికీ మంచిదే, కానీ మీ లెక్కలో వేయకండి.

ఎలా తెలుస్తుందంటారా? యంత్రం అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అది మధ్యరకం శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సి వస్తే అది గట్టి శ్రమ. అమ్మతో నడిచేటప్పుడు మీరు పాట పాడగలరు కదా? గుండె వేగం లెక్కకు 220లోంచి వయసు తీసేయమని జిమ్‌లో గోడల మీద రాస్తారు. ఆ లెక్క మనిషికీ మనిషికీ పది, పన్నెండు దాకా అటూఇటూ అవుతుంది. ఊపిరి చెప్పేదే నమ్మండి.

డబ్ల్యూహెచ్‌ఓ 2020లో ఇచ్చిన సలహా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ, వాటితోపాటు రెండు రోజులు కండబలం. చాలామంది గమనించనిది ఒకటుంది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత షరతు అందులో తీసేశారు. అంటే మూడు నిమిషాలు మెట్లెక్కినా లెక్కే. మీ ఇంట్లో మెట్లున్నాయా?

గడపదాటి | గురువారం, ఉదయం 7:40

మాది మొదటి అంతస్తు, పైన ఇంకో నాలుగున్నాయి. లిఫ్టు ఉందని ఎవరూ మెట్ల మొహం చూడరు.

మోకాలిచిప్ప | గురువారం, ఉదయం 7:52

అదృష్టవంతులు. ఇవాళ ఒక్కసారి ఎక్కండి. పరుగెత్తొద్దు, రెయిలింగ్ పక్కనే ఉండండి. ఎన్నో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చిందో రాసుకోండి. ఛాతీ బిగపట్టినట్టున్నా, కళ్లు తిరిగినా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా ఆపేయండి. అప్పుడు ముందు డాక్టరు, తర్వాతే మెట్లు.

తెల్లకోటు | గురువారం, ఉదయం 8:30

అసలు ఎక్కేముందే బీపీ, షుగరు చూపించుకోండి. 47కి, ఇంట్లో అంత ఒత్తిడికి, ఎలాగూ చూపించుకోవాల్సినవే.

నిర్వాహకులు | గురువారం, ఉదయం 10:00

"మెదడు పదునుకు మాత్రలు" అని ప్రకటనలు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. చర్చ కొనసాగించండి.

చివరిబెంచి | గురువారం, ఉదయం 10:03

నేను ఆర్డర్ పెట్టేలోపే తీసేశారు.

పాతసైకిల్ | శుక్రవారం, ఉదయం 5:45

ఈమెకు అసలు కావాల్సింది ఇంకా ఎవరూ చెప్పలేదు. మానేసిన తర్వాత ఏం చేయాలి?

అమ్మా, మా ఇంట్లో తలుపు వెనక గోడ క్యాలెండర్ ఉంది. పెన్సిల్ దానికే దారంతో కట్టి ఉంటుంది. సైకిలు తొక్కిన రోజు గీత గీస్తాను. అంతవరకు అందరూ చేసేదే. నేను నా లక్ష్యాన్ని రెండు అంకెలుగా పెట్టుకున్నాను. పై అంకె వారానికి నాలుగు. కింది అంకె ఒకటి. నాలుగు వస్తే మంచి వారం. ఒకటైనా వస్తే బతికిన వారం. ఒళ్లు బాగోకపోయినా, ఇంటినిండా చుట్టాలున్నా, ఆ ఒకటి మాత్రం తప్పకూడదు. ఆ ఒకటి కూడా పది నిమిషాలే అయినా సరే. తొమ్మిదేళ్లలో మంచి వారాలు మహా అయితే సగం ఉంటాయి. బతికిన వారాలు మాత్రం దాదాపు అన్నీ. మీ "రోజూ గంట"కు కింది అంకె లేదు. 12వ రోజు ఒక్కటి తప్పగానే మొత్తం కూలిపోయింది.

కొలబద్ద | శుక్రవారం, ఉదయం 9:15

పెద్దాయన అనుభవానికి లెక్క సాక్ష్యం కూడా ఉంది. లండన్‌లో 96 మంది కొత్త అలవాటు ఎలా చేసుకుంటున్నారో చూసి 2010లో ప్రచురించారు. 21 రోజుల్లో అలవాటైపోతుందన్నది ఉత్తమాట. సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, ఒకరికి 254 దాకా అంచనా వేశారు. ఒకరోజు తప్పిపోతే అలవాటు పట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గడపదాటి గారూ, మీరు 11వ రోజున, మూడో వారాన ఆగి "నావల్ల కాదు" అనుకున్నారు. అలవాటు పట్టే గడువు కూడా రాకముందే తీర్పు రాసేసుకున్నారు.

(పాతసైకిల్ గారూ, మీరు హెల్మెట్ పెట్టుకుంటారా? ఆ 14 కారణాల్లో తలకు దెబ్బ కూడా ఉంది.)

పాతసైకిల్ | శుక్రవారం, ఉదయం 9:40

పెట్టుకుంటాను. మా ఆవిడ పెట్టుకోనిదే తాళంచెవి ఇవ్వదు.

గడపదాటి | ఆదివారం, రాత్రి 9:30

బీపీ 138/88. షుగరు బాగానే ఉంది. మెట్లు ఎక్కాను. మూడో అంతస్తు మలుపు దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాను, నాలుగో అంతస్తులోని పిల్లాడు "ఆంటీ, లిఫ్టు పాడైందా?" అన్నాడు.

కాగితం మీద రాసుకున్నది ఇక్కడ పెడుతున్నాను, చూసి తిట్టండి. "సాయంత్రం బ్యాగు కుర్చీలో పెట్టగానే, అమ్మను చూసుకునే ఆవిడను పావుగంట ఉండమని, మెట్లు. వారానికి మూడుసార్లు. కింది అంకె ఒకటి. బుధవారం, ఆదివారం అమ్మ టీవీ చూస్తుంటే కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదేసి చొప్పున మూడు విడతలు, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు. శనివారం తమ్ముడు వచ్చినప్పుడు బయట అరగంట గట్టి నడక. ఎనిమిది వారాలు అడుగులు లెక్కపెట్టను. వాచీ సొరుగులో." ఆవిడ పావుగంట ఉండటానికి ఒప్పుకుంది, దానికి విడిగా ఇస్తానన్నాను.

డిమెన్షియా అన్న మాట కాగితం మీద ఎక్కడా లేదు అక్కా, చూశావా?

నిద్రగన్నేరు | ఆదివారం, రాత్రి 9:44

చూశాను. "తమ్ముడు వచ్చినప్పుడు" అన్నది మాత్రం కొట్టేసి "తమ్ముడు రావాలి" అని రాయి. తల్లి నీకొక్కదానికే కాదు.

మోకాలిచిప్ప | సోమవారం, ఉదయం 6:15

తిట్టడానికేం లేదు. మొత్తం కూడితే 150 నిమిషాలు కాదు, తెలుసు. ఎనిమిది వారాల తర్వాత చూద్దాం. దిగేటప్పుడు మాత్రం లిఫ్టు వాడుకోండి మొదటి నెల. మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే భారం.

పరుగుపిచ్చి | సోమవారం, ఉదయం 6:40

సరే అక్కా, హాఫ్ మారథాన్ వచ్చే ఏడాది.

గడపదాటి | తొమ్మిది వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:05

చర్చను మళ్లీ పైకి తెస్తున్నాను. తొమ్మిది వారాల్లో మంచివి నాలుగు, బతికినవి నాలుగు. ఒక వారం సున్నా. అమ్మ జారిపడింది, ఎముక విరగలేదు కానీ ఐదు రాత్రులు నిద్ర లేదు. ఆ సున్నా చూసి పాత భయం వచ్చింది. క్యాలెండర్‌లో ఆ గడి ఖాళీగానే వదిలేసి, తర్వాతి సోమవారం మెట్లెక్కాను. రెండో అంతస్తుకే ఆయాసం వచ్చింది. గురువారానికి మళ్లీ మామూలైంది.

ఇప్పుడు ఐదో అంతస్తు దాకా ఆగకుండా వెళ్తున్నాను, రెండు రౌండ్లు. బీపీ నిన్న 128/82. జ్ఞాపకశక్తిలో తేడా ఏమీ తెలియలేదు, తెలుస్తుందని అనుకోలేదు కూడా. నిద్ర మాత్రం మారింది, మధ్యరాత్రి లేవడం తగ్గింది.

అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. "ఎక్కడికే?" అంటే "పైకి" అంటాను. దిగి వచ్చేసరికి "ఎక్కడి నుంచే?" అంటుంది. "పైనుంచి." మొన్న ఒక రౌండు తర్వాత ఆ జవాబు చెప్పడానికి ఊపిరి కోసం ఆగలేదు, అప్పుడు తెలిసింది రెండో రౌండు కలపాలని.

తెల్లకోటు | ఆదివారం, రాత్రి 10:30

బీపీ ఒక్క రీడింగు నమ్మకండి, వారంపాటు పొద్దున, సాయంత్రం ఇంట్లోనే చూసి రాయండి. కానీ దిశ బాగుంది. మీలా వ్యాయామం అలవాటు లేని 45 నుంచి 64 ఏళ్ల వాళ్ల చేత రెండేళ్లు క్రమంగా చేయించిన ప్రయోగం ఒకటి 2018లో వచ్చింది. వాళ్ల దమ్ము సగటున 18 శాతం పెరిగింది, బిగుసుకున్న గుండె కండరం మెత్తబడింది. అయితే వాళ్లు వారానికి నాలుగైదు రోజులు చేశారు. మీ పై అంకెను ఇప్పుడు నాలుగు చేయవచ్చు. కింది అంకె జోలికి పోకండి.

నిద్రగన్నేరు | సోమవారం, ఉదయం 7:00

నేనూ మెట్లు మొదలుపెట్టా. ఎడమ మోకాలి ముందు భాగంలో ఎక్కేటప్పుడు కలుక్కుమంటోంది, దిగేటప్పుడు లేదు. ఆపాలా?

మోకాలిచిప్ప | సోమవారం, ఉదయం 7:20

వాపు ఉందా? రాత్రి నొప్పితో మెలకువ వస్తోందా? రెండూ లేకపోతే ఈ వారం రెండు అంతస్తులకే ఆపండి, పాదం మొత్తం మెట్టు మీద ఆనించి ఎక్కండి. మునివేళ్ల మీద ఎక్కుతున్నట్టున్నారు. శుక్రవారం ఎలా ఉందో రాయండి.